పసిబిడ్డ మోకాలు ఎదురు వంగి పుడితే



ఈ వేళకు మీరు నారుమళ్ళ సంగతో, చెరకు తెగుళ్ళ సంగతో, పాడిపశువుల సంగతో వినడానికి అలవాటు పడి ఉంటారు. నేను కూడా దూడ దగ్గరే మొదలుపెడతాను. కాని మాట బిడ్డ దగ్గరికి పోతుంది.

ఆవు ఈనినప్పుడు ఒక్కొక్క లేగదూడ ముందుకాళ్ళ గిట్టలు వెనక్కి మడత పడి పుడుతుంది. లేచి నిలబడబోతే గిట్ట మీద కాక, గిట్టపై కీలు మీద నిలుస్తుంది. అది చూసి మీరెవరూ దూడ పని అయిపోయిందని వదిలిపెట్టరు. మడత కొద్దిగా ఉంటే నాలుగు రోజులు తిరిగేసరికి దానంతటదే సాపవుతుంది. గట్టిగా ఉంటే పశువైద్యుడు దూది పరిచి, బద్దలు పెట్టి కట్టు కడతాడు. పుండు పడకుండా విప్పి చూసి, మళ్ళీ కడతాడు. లేత కీలు గనుక మాట వింటుంది. అదే దూడను ఆరు నెలలు ఊరకే ఉంచి అప్పుడు తీసుకుపోతే ఆ కీలు ఎవరి మాటా వినదు. పశువులను సాకేవారికి ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు.

మనుష్యుల బిడ్డలలోనూ ఇటువంటి కీళ్ళ లోపాలున్నాయి. వాటిలో ఒకటి చాలా అరుదు. మోకాలు ఎదురు వంగి పుట్టడం. మన మోకాలు ఎటు వంగుతుంది? మడమ పిర్రల వైపు పోయేటట్లు వెనక్కి వంగుతుంది. ఈ బిడ్డలకు తలకిందులు. కాలు ముందు వైపుకు మడిచినట్లు, పాదం పొట్ట మీదికో, ముఖం దగ్గరికో లేచి ఉంటుంది. చూసినవాళ్ళకు కాలు విరిగి అతికినట్లు కనిపిస్తుంది. ఇది సుమారు లక్ష కాన్పులలో ఒక బిడ్డకు వస్తుందని వైద్య గ్రంథాలు చెబుతాయి. ఆడపిల్లలలో కొంచెం ఎక్కువ.

లక్షకొక్కరికి వచ్చేదాని గురించి ఇంత సేపు ఎందుకయ్యా అని మీరడగవచ్చు. అరుదైనది కాబట్టే చెప్పాలి. వరికి అగ్గితెగులు వస్తే పక్క పొలం రైతు చూసి చెబుతాడు. ఈ లోపం వస్తే మాత్రం ఊళ్ళో ముసలమ్మ చూసి ఉండదు, నర్సమ్మ చూసి ఉండదు, ఒక్కొక్కసారి డాక్టరు కూడా పుస్తకంలో తప్ప చూసి ఉండడు. చూసినవాళ్ళు లేరు కాబట్టి చెప్పేవాళ్ళూ ఉండరు. అందరూ కలిసి మొదటి వారం పోగొడతారు. ఆ మొదటి వారమే చాలా విలువైనది.

ముందుగా దాన్ని ఎలా గుర్తుపట్టాలో చెప్తాను. బిడ్డ పుట్టి తుడిచి ఆరబెట్టిన తరువాత, మెత్తని గుడ్డ మీద వెల్లకిల పడుకోబెట్టి రెండు కాళ్ళూ చూడండి. పసిబిడ్డ కాళ్ళు మామూలుగా కప్ప కాళ్ళ మాదిరి ముడుచుకొని ఉంటాయి. లాగితే కొంచెం సాగుతాయి, వదిలితే మళ్ళీ ముడుచుకుంటాయి. ఈ లోపమున్న బిడ్డ కాలు ముడుచుకోదు. బిగదీసినట్లుండి, ముందుకే పోతుంది. మోకాలి పైన, ముందు వైపున చర్మం అడ్డంగా మడతలు పడి ఉంటుంది. మామూలు బిడ్డకు ఆ మడతలు వెనుక వైపున ఉండాలి. మోకాలి చిప్ప చేతికి సరిగా తగలదు. మోకాలి వెనుక, గుంట ఉండవలసిన చోట, తొడ ఎముక చివరి బుడిపెలు వేలికి తగులుతాయి. ఒక కాలికే ఉండవచ్చు, రెండు కాళ్ళకూ ఉండవచ్చు.

దీంట్లో మూడు మెట్లున్నాయి. మొదటి మెట్టులో కాలు ఎదురు వంగి ఉంటుందే కాని, ఎముకలు తమ చోటనే ఉంటాయి. మెల్లగా వెనక్కి వంచితే వంగుతుంది. రెండో మెట్టులో ముంగాలి ఎముక తొడ ఎముక కొన మీద నుంచి కొంత ముందుకు జారి ఉంటుంది. మూడో మెట్టులో పూర్తిగా జారి, తొడ ఎముకకు ముందు వైపు ఎక్కి కూర్చుంటుంది. ఏ మెట్టో కంటితో తేల్చుకోవడం కష్టం. ఎక్స్‌రే తీయాలి. మరి మొదటి మెట్టుకూ మూడో మెట్టుకూ వైద్యంలో చాలా భేదం ఉంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. కాన్పు కష్టమైనప్పుడు బిడ్డ కాలి ఎముక విరగడం కూడా కద్దు. విరిగితే వాపు ఉంటుంది, ముట్టుకుంటే బిడ్డ కీచుమని ఏడుస్తుంది, ఆ కాలు కదపదు. పుట్టుకతో ఎదురు వంగిన మోకాలికి సాధారణంగా వాపు ఉండదు. కాని వాపు లేదు గనుక విరగలేదని ఇంట్లో తీర్పు చెప్పుకోకండి. ఎక్స్‌రే తీసే వరకు ఆ కాలిని ఎవరూ వంచకూడదు.

ఇలా ఎందుకు జరుగుతుంది? మన ఇళ్ళల్లో ఈ ప్రశ్నకు జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఆసుపత్రి వరండాలో ఇటువంటి మాటలు వినబడుతూనే ఉంటాయి.

"డాక్టరమ్మా, గ్రహణం పూట కత్తిపీట ముట్టొద్దని మా కోడలికి నెత్తి నోరు కొట్టుకొని చెప్పిన. ఇన్నదా? గందుకే మనుమరాలి కాలు గిట్లయింది."

"కత్తిపీటకు, పిల్ల కాలుకు ఏం సంబంధం పెద్దమ్మా? పిల్ల కడుపులో కాళ్ళు బారజాపుకొని ఇరుక్కున్నది. మెసలనీకి జాగ లేదు. అంతే."

"గట్లనా? మరి మా వియ్యపురాలు గిదే మాట అంటున్నది..."

"ఆమెను కూడ తోలుకరా, ఆమెకూ చెప్త."

గ్రహణం మాట అనేది పెద్దవాళ్ళు బాధలో అనే మాటే కావచ్చు. కాని ఆ మాట పచ్చి బాలింతరాలి గుండెలో ముల్లులాగా దిగుతుంది. తప్పు తనదేనని ఆ పిల్ల నమ్ముతుంది, బిడ్డను నలుగురిలోకి తేవడానికి సిగ్గుపడుతుంది, వైద్యం ఆలస్యమవుతుంది. ఈ లోపానికి గ్రహణంతో సంబంధం లేదు. తల్లి తిన్న తిండి, మోసిన బరువు కూడా దీనికి కారణమని ఎవరూ తేల్చలేదు.

బిడ్డ కడుపులో ఉన్నప్పుడు కీళ్ళు సరిగా తయారు కావాలంటే కాళ్ళూ చేతులూ ఆడాలి. ఆట తగ్గితే కీలు బిగుసుకుంటుంది. అమెరికా పడమటి రాష్ట్రాలలో లూపిన్ అనే అడవి మొక్క ఉన్నది. చూడి ఆవులు రెండో నెల, మూడో నెల ప్రాంతంలో దాన్ని మేస్తే వంకర కాళ్ళ దూడలు పుడతాయి. ఆ మొక్కలోని విషం కడుపులో దూడను మత్తుగా కదలకుండా ఉంచుతుందనీ, కదలని కీలు వంకరగా బిగుసుకుంటుందనీ అక్కడి పరిశోధకులు కనిపెట్టారు. మన బిడ్డల విషయంలో మొక్కల మాట లేదు కాని, సూత్రం అదే. ఉమ్మనీరు తక్కువైనా, బిడ్డ తల కిందికి తిరగకుండా పిర్రలు కిందికి, కాళ్ళు బారుగా పైకి చాపుకొని ఇరుక్కున్నా, మోకాలు అలా బిగుసుకొనే అవకాశం ఎక్కువ. ఈ బిడ్డలలో చాలామంది అటువంటి కాన్పులలో పుట్టినవారే. కాబట్టి స్కానింగులో బిడ్డ అడ్డంగానో ఎదురుకాళ్ళతోనో ఉన్నదని తేలితే కాన్పు పెద్దాసుపత్రిలోనే కావాలి. బిడ్డ పుట్టగానే మోకాళ్ళూ తొంటి కీళ్ళూ చూడమని మీరే నోరు తెరిచి అడగాలి. అడగడం తప్పు కాదు.

కొద్దిమంది బిడ్డలలో ఇది మోకాలితో ఆగదు. ఒళ్ళంతా కీళ్ళు బిగుసుకొని పుట్టే జబ్బు ఒకటి ఉంది. కీళ్ళన్నీ జారిపోయి, ముఖం చదునుగా ఉండే జబ్బు మరొకటి ఉంది; దాన్ని 1950లో వర్ణించిన లార్సెన్ అనే వైద్యుని పేరుతో పిలుస్తారు. ఇటువంటివి కొన్ని వంశపారంపర్యంగా వస్తాయి, వాటిలో కొన్నిటికి మేనరికాలలో అవకాశం పెరుగుతుంది. అంతమాత్రాన మోకాలు ఎదురు వంగి పుట్టిన ప్రతి బిడ్డకూ మేనరికమే కారణమని అనరాదు. మరి మోకాలు ఒక్కటే అయిన బిడ్డలలో కూడా సగానికి అటూ ఇటూగా తొంటి కీలు జారి ఉంటుంది. వంకరపాదం కూడా జతగా రావచ్చు. అందుకని మోకాలు చూసిన డాక్టరు తొంటి చూడకుండా పంపకూడదు. తొంటికి మొదటి నెలల్లో ఎక్స్‌రే కంటె అల్ట్రాసౌండు స్కానింగే బాగా పనికివస్తుంది. ఆ వయస్సులో తొంటి బంతి ఇంకా ఎముకగా మారదు, మెత్తని మృదులాస్థిగా ఉంటుంది, ఎక్స్‌రేలో కనపడదు.

ఇప్పుడు అసలు చెప్పవలసిన మాట. మన ఊళ్ళల్లో పసిబిడ్డకు నీళ్ళు పోసేటప్పుడు పెద్దమ్మలు కాళ్ళు చాపుకొని కూర్చొని, బిడ్డను పిక్కల మీద పడుకోబెట్టుకొని, నూనె రాసి, కాళ్ళూ చేతులూ సాగదీస్తారు. మామూలు బిడ్డకు మెత్తని చేతితో చేస్తే అది సుఖమే. దాన్ని నేను తప్పు పట్టను. కాని ఈ బిడ్డ మోకాలిని "నూనె పెట్టి నాలుగు రోజులు వంచితే అదే సరిపడుతది" అని బలంగా వంచితే ఏమవుతుందో తెలుసా? కీలు వంగదు, కీలు పక్కన లేత ఎముక వంగుతుంది. పసిబిడ్డ ఎముక కొసల్లో పెరుగుదలకు సంబంధించిన మెత్తని భాగం ఉంటుంది. అది పగులుతుంది. పైకి కాలు వంగినట్లే కనిపిస్తుంది, ఇంటిల్లిపాదీ సంతోషపడతారు. కాని వంగింది మోకాలు కాదు, విరిగిన ఎముక. నేర్చిన డాక్టర్లు కూడా ఈ పొరపాటు జరగకుండా మధ్యలో ఎక్స్‌రే తీసి చూసుకుంటారు. కాబట్టి నాటు కట్టు, పసరు కట్టు, వెదురు బద్దలు ఈ బిడ్డ దగ్గరికి రానీయవద్దు. దూడకు బద్దలు కట్టే మాట నేనే చెప్పాను. అది దూడకే, అది కూడా పశువైద్యుని చేతితో.

డాక్టరు ఏం చేస్తాడు? పుట్టిన మొదటి గంటలలో, మొదటి రోజులలో తల్లి ఒంటి నుంచి వచ్చిన ప్రభావం వల్ల బిడ్డ కీళ్ళు మెత్తగా, సాగేటట్లు ఉంటాయి. ఆ సమయంలో డాక్టరు ముంగాలిని మెల్లగా తన వైపు లాగుతూ, తొడ ఎముక కొనను వెనుక నుంచి ముందుకు నెడుతూ, ఎంత వంగితే అంతే వెనక్కి వంచుతాడు. బలవంతం ఉండదు. వంగిన చోట నిలిపి, తొడ నుంచి పాదం దాకా దూది చుట్టి పిండికట్టు వేస్తాడు. వారానికోసారి, ఒక్కొక్కచోట ఇంకా ముందుగానే, కట్టు విప్పి, ఇంకొంచెం వంచి, మళ్ళీ వేస్తాడు. మోకాలు లంబకోణానికి, అంటే 90 డిగ్రీలకు వంగేవరకు ఇది సాగుతుంది. మొదటి మెట్టు బిడ్డలకు ఒకటి రెండు వారాలలోనే పని కావచ్చు. గట్టివాటికి ఇంకా ఎక్కువ వారాలు పట్టవచ్చు. వంగిన తరువాత ఆ వంపు నిలిచేందుకు కొన్ని వారాలు కట్టో, పట్టీయో ఉంచుతారు. తొంటి కూడా జారి ఉన్న బిడ్డకు పావ్లిక్ అనే చెక్ దేశపు వైద్యుడు కనిపెట్టిన మెత్తని పట్టీల కట్టు వేస్తారు. భుజాల మీదుగా వచ్చి కాళ్ళను ముడిచి, ఎడంగా పట్టుకుంటుంది; బిడ్డ దాంట్లోనే ఆడుకుంటుంది, పాలు తాగుతుంది.

మోకాలు, తొంటి, పాదం మూడూ చెడి ఉంటే మోకాలికే ముందు పని. దానికి కారణం చూడండి. పావ్లిక్ పట్టీ వేయాలంటే మోకాలు వంగాలి. వంకరపాదానికి ఇప్పుడు లోకమంతా పొన్సెటి పద్ధతిలో కట్లు వేస్తున్నారు. అది స్పెయిన్‌లో పుట్టి అమెరికాలోని అయోవాలో పనిచేసిన ఇగ్నాసియో పొన్సెటి పద్ధతి. ఆ కట్టు నిలవాలన్నా మోకాలు 90 డిగ్రీలు వంగి ఉండాలి, లేకపోతే జారిపోతుంది. బాయికి దారి వేయకుండా మోటారు దించలేం కదా, అటువంటిదే ఇది.

కట్టు వేసిన తరువాత పని డాక్టరుది సగం, తల్లిది సగం. పిండికట్టు తడవకూడదు. ఆ కాలం నీళ్ళు పోయడం మాని, తడిగుడ్డతో ఒళ్ళు తుడవండి. మూత్రం కట్టులోకి పోకుండా గుడ్డ తరచు మార్చండి. కాలి వేళ్ళు ఎప్పుడూ బయటికి కనిపించాలి. రోజుకు నాలుగైదు సార్లు వేళ్ళు చూడండి. గులాబి రంగులో, వెచ్చగా ఉంటే సరే. గోటి మీద నొక్కి వదిలితే తెల్లబడి వెంటనే రంగు రావాలి. వేళ్ళు నీలంగానో, పాలిపోయో, చల్లగానో, ఉబ్బిపోయో ఉంటే, లేదా బిడ్డ పాలిచ్చినా ఊరుకోకుండా ఏడుస్తుంటే, తెల్లారేదాకా ఆగవద్దు. ఏ రాత్రయినా ఆసుపత్రికి పోయి కట్టు విప్పించాలి. నిన్న కనిపించిన వేళ్ళు ఇవాళ లోపలికి పోతే కట్టు జారిందని అర్థం. జారిన కట్టు కట్టు లేనిదాని కంటె చెడ్డది. కట్టు వాసన వచ్చినా, జ్వరం వచ్చినా చూపించాలి.

కొంతమంది బిడ్డలకు కట్లతో కాదు. కొన్ని వారాలు కట్లు వేసినా మోకాలు వంగకపోతే, తొడ ముందు కండ పొట్టిగా బిగుసుకొని ఉన్నదని అర్థం. దాన్ని పొడుగు చేసే ఆపరేషన్ ఉంది. 1969లో కర్టిస్, ఫిషర్ అనే అమెరికా వైద్యులు వివరించిన పద్ధతి ఇప్పటికీ గట్టి మోకాళ్ళకు వాడుతున్నారు. తక్కువ బిగువున్న వాటికి చిన్న గాటుతో కండర తాడును సడలించి, పిండికట్టు వేసే పద్ధతులు కూడా వచ్చాయి. ఆపరేషన్ అవసరమైతే బిడ్డ నడక నేర్వకముందే కావడం మంచిదని ఎముకల వైద్యుల మాట. "పెద్దయినాక చేయిద్దాం, ఇప్పుడు పసిది, తట్టుకోదు" అని వెనుకాడేవారున్నారు. ఆ జాలి మంచిదే కాని, ఇక్కడ పనికిరాదు. ఆలస్యమయ్యేకొద్దీ ఎముకల ఆకారమే మారిపోతుంది, ఆపరేషన్ పెద్దదవుతుంది, ఫలితం చిన్నదవుతుంది.

మొదటి రోజులలోనే పట్టుకున్న మెత్తని మోకాళ్ళు చాలావరకు కట్లతోనే చక్కబడి, బిడ్డలు ఈడువారితో కలిసి నడుస్తారు, ఉరుకుతారు. గట్టివాటిలో కొందరికి పూర్తిగా మడిచి కింద కూర్చోవడం కష్టం కావచ్చు. అది కూడా మీకు ముందే తెలిసి ఉండడం మంచిది.

ఇక ఎక్కడికి పోవాలి? ఆసుపత్రిలో కాన్పయితే ఇంటికి పంపకముందే బిడ్డను డాక్టరు చూడాలి. కేంద్ర ప్రభుత్వం 2013లో మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ దాకా పిల్లలను పరీక్షించే ఏర్పాటుంది. ఆ పట్టికలో వంకరపాదం, తొంటి కీలు జారడం ఉన్నాయి. మోకాలి లోపం కూడా అదే చూపుకు దొరుకుతుంది. వంకరపాదం అరుదైనది కాదు, సుమారు వెయ్యి కాన్పులకు ఒకటి. కాబట్టి అందరి బిడ్డల కాళ్ళూ చూస్తేనే ఏదైనా దొరికేది. ఇంటికి వచ్చిన తరువాత ఆశా కార్యకర్త 3వ రోజు, 7వ రోజు, తరువాత 14, 21, 28, 42 రోజులకు బిడ్డను చూడడానికి వస్తుంది. బిడ్డను గుడ్డల్లో చుట్టి దాచకండి. విప్పి కాళ్ళు చూపించండి.

మెదక్‌లోని పిల్లల డాక్టరు చూసి, ఎముకల డాక్టరుకు చూపించి, అవసరమైతే హైదరాబాదు పంపుతాడు. అక్కడ 1953లో మొదలైన నీలోఫర్ ఆసుపత్రి పసిపిల్లలకు పేరు పొందింది. పంజగుట్టలోని నిమ్స్ మొదట ఎముకల ఆసుపత్రిగానే పుట్టింది. గాంధీ, ఉస్మానియా ఆసుపత్రులలో కూడా ఎముకల విభాగాలున్నాయి. దారి సుమారు 100 కిలోమీటర్లు. 2022 సెప్టెంబరులో మెదక్‌కు రైలు వచ్చింది, బస్సులు ఎప్పుడూ ఉన్నాయి. పోయేటప్పుడు కాన్పు కాగితాలు, స్కానింగు కాగితాలు, ఎక్స్‌రేలు, ఆధార్, రేషను కార్డు ఒక సంచిలో పెట్టుకోండి. ప్రతిసారీ అదే సంచి తీసుకుపోండి.

చాలా ఇళ్ళల్లో వైద్యం ఆగేది మొదటి కట్టు దగ్గర కాదు. మూడో కట్టు, నాలుగో కట్టు దగ్గర. అప్పటికి కాలు కొంచెం వంగి ఉంటుంది, ఇంట్లో ధైర్యం వచ్చి ఉంటుంది. అదే సమయానికి ఘనపురం ఆనకట్ట కింద నాట్లు పడతాయి. నాట్లకు మనిషి దొరకడు, ఒక రోజు కూలి పోతే ఇంటికి నష్టం. "వచ్చే వారం పోదాం" అంటారు. ఆ వచ్చే వారం రెండు వారాలవుతుంది. లోపల బిడ్డ పెరుగుతుంటుంది, కట్టు పెరగదు. బిగుసుకుంటుంది, లేదా జారుతుంది. ఆడకూతురు ఒక్కతే బిడ్డను ఎత్తుకొని, సంచి పట్టుకొని, బస్సు మారి పోలేదు. అత్తగారైనా, తమ్ముడైనా, మొగుడైనా ఒకరు వెంట పోవాలి. నాట్ల రోజులలో వంతులు వేసుకొని ఒకరికొకరు మడి నాటుకుంటారు కదా. అదే వంతు ఈ బిడ్డకూ వేసుకోవచ్చు. ఏడుపాయల తల్లికి మొక్కుకున్నవారు మొక్కుకోండి, కట్టు మార్చే రోజు మాత్రం తప్పించవద్దు.

కట్లు విప్పిన తరువాత కూడా బిడ్డను చంకన ఎత్తుకునే మన అలవాటు మానవద్దు. బిడ్డ తొడలు ఎడంగా, నడుముకు చెరో పక్కన ఉండేటట్లు ఎత్తుకోవడం తొంటి కీలుకు మేలు చేస్తుంది. కాళ్ళు రెండూ చాపి గుడ్డతో కర్ర మాదిరి బిగించి చుట్టడం మాత్రం వద్దు; బాగున్న తొంటిని కూడా అది జార్చవచ్చు. డాక్టరు చెప్పిన తేదీలకు బిడ్డ నడిచేదాకా చూపిస్తుండాలి. నడక మొదలైనప్పుడు ఒక పక్కకు ఒరిగినా, ఒక కాలు పొట్టిగా అనిపించినా, మోకాలు మళ్ళీ ఎదురుగా పోతున్నట్లున్నా, ఆ సంచి తీసుకొని ఆ డాక్టరు దగ్గరికే పొండి.